నెల్లూరు వరికి దారి ఉంది, కనిగిరి కొర్రకు లేదు: పోషకాహార పథకాల కొనుగోలు లెక్క

క్లుప్తంగా: బియ్యానికి పొలం నుంచి కార్డుదారు సంచి దాకా పూర్తి వ్యవస్థ ఉంది. పప్పు, కూరగాయలు, చిరుధాన్యాలకు అది లేదు. అవి టెండరు మీదో, కిరాణా కొట్టు అప్పు మీదో ఆధారపడి వస్తున్నాయి. అందుకే ప్రభుత్వ పథకాలు ఆకలిని బాగానే ఆపినా, రక్తహీనతను ఆపలేకపోతున్నాయి. నెల్లూరు డెల్టా రైతుకు దొరికిన కొనుగోలుదారు ప్రకాశం మెట్ట రైతుకు దొరకలేదు. మెనూ మార్చడం కన్నా బిల్లు చెల్లించే గడువు, కొనుగోలు చేసే స్థాయి మార్చడమే ఇక్కడ అసలు పని.

ఒకే చట్టం, మూడు దారులు

రేషన్ బియ్యం, బడి భోజనం, అంగన్‌వాడీ సరుకులు అన్నీ 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం కిందికే వస్తాయి. కానీ మూడూ నడిచే తీరు వేరు. రేషన్‌లో మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు కుటుంబం మొత్తానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఈ ధాన్యం పూర్తిగా ఉచితం. 2024 జనవరి నుంచి మరో అయిదేళ్లకు దాన్ని పొడిగించారు. ఆంధ్రప్రదేశ్‌లో కేంద్ర లెక్కలోకి రాని కార్డులకు రాష్ట్రమే సొంత ఖర్చుతో బియ్యం ఇస్తోంది.

బడిలో ఎనిమిదో తరగతి దాకా వేడి భోజనం చట్టబద్ధమైన హక్కు. తొమ్మిది, పది తరగతులకు, 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు ఇచ్చేది రాష్ట్రం తన ఖర్చుతో చేర్చింది. వారానికి అయిదు గుడ్లు, చిక్కీ, రాగిజావ కూడా రాష్ట్రం కలిపినవే. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరు మారుతుంది గానీ, కింద ఉన్న కేంద్ర లెక్క మాత్రం అదే. అంగన్‌వాడీ ఆరు నెలల పసివాళ్ల నుంచి ఆరేళ్ల పిల్లల దాకా, గర్భిణులకు, బాలింతలకు.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఒక్కో దారిలో సరుకు కొనే చెయ్యి వేరు. రేషన్ బియ్యం కొనేది పౌరసరఫరాల సంస్థ. గుడ్లు, చిక్కీలు టెండరు దక్కించుకున్న సరఫరాదారువి. బడిలో పప్పు, కూరగాయలు, నూనె కొనేది ఆ ఊరి వంట ఏజెన్సీ మహిళే. స్థానిక పంట పిల్లల కంచంలోకి వస్తుందా రాదా అన్నది ఆ చేతిలో డబ్బు ఎప్పుడు పడుతుందన్న దాని మీదే ఉంటుంది.

అయిదు కిలోలు ఎంత తీరుస్తాయి

నెలకు 5 కిలోలంటే రోజుకు 167 గ్రాములు. తెల్ల బియ్యం 100 గ్రాములకు 356 కిలోకేలరీల లెక్కన రోజుకు దాదాపు 590 కిలోకేలరీలు, 13 గ్రాముల మాంసకృత్తులు. పనిచేసే మనిషి రోజు శక్తిలో ఇది నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య ఉంటుంది. కరువు సంవత్సరంలో, పనుల్లేని నెలల్లో పస్తు లేకుండా ఆపేది ఇదే. దీన్ని తక్కువ చేసి చూడనక్కర్లేదు.

ఇనుము లెక్కకు వస్తే చిత్రం తిరగబడుతుంది. మామూలు బియ్యం అన్ని గ్రాముల్లో ఇనుము ఒక మిల్లీగ్రాము మాత్రమే. వయసులో ఉన్న స్త్రీకి రోజుకు కావలసింది 29 మిల్లీగ్రాములు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం, అయిదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 31.2 శాతం. అన్నం లేక వచ్చిన అంకెలు కావివి. అన్నంలోకి కలుపుకునేది లేక వచ్చినవి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 కిలోకేలరీల ఆహారానికి రోజుకు 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు ఉండాలని చెప్పింది. రేషన్ దుకాణంలో కూరగాయలు దొరకవు. కందిపప్పు సబ్సిడీ ధరకు దొరికిన నెలలున్నాయి, దొరకని నెలలూ ఉన్నాయి.

పుట్టి నుంచి కార్డు దాకా

బియ్యం విషయంలో ప్రభుత్వమే స్థానిక పంటకు పెద్ద కొనుగోలుదారు. పెన్నా డెల్టాలో, సోమశిల ఆయకట్టులో పండిన వరి మార్చి, ఏప్రిల్‌లో కోతకు వస్తుంది. నెల్లూరులో బేరం నేటికీ పుట్టిలోనే, అంటే 850 కిలోలు. 2025-26 మద్దతు ధర క్వింటాలుకు గ్రేడ్-ఏ రకానికి 2,389 రూపాయలు. ఆ లెక్కన పుట్టి 20,306 రూపాయలు. సాధారణ రకానికి ధర 2,369 కాబట్టి పుట్టికి 170 రూపాయలు తగ్గుతుంది.

కొనుగోలు వరుస ఇలా సాగుతుంది: పంట ఈ-క్రాప్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పంటల జాబితాలో నమోదు కావాలి. రైతు సేవా కేంద్రంలో నమూనా చూసి తేమ కొలుస్తారు, 17 శాతం దాటకూడదు. తర్వాత గోనె సంచులు, లారీ, మిల్లు. మిల్లరు క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం తిరిగి ఇవ్వాలి. అక్కడి నుంచి గోదాము, మండల స్టాక్ పాయింట్, డీలరు. 2021లో ఇంటింటికీ తిరిగే వాహనాలు వచ్చాయి. 2025 జూన్ 1 నుంచి మళ్లీ చౌకధరల దుకాణానికే వెళ్లి తెచ్చుకోవాలి. వృద్ధులకు, దివ్యాంగులకు మాత్రం ఇంటికే అందిస్తారు.

ఈ గొలుసులో బలహీనమైన లంకె తేమ. యంత్రంతో కోసిన వడ్లలో కోత రోజున తేమ 20 శాతం పైనే ఉండటం మామూలు. ఆరబెట్టాలంటే పట్టలు, కళ్లం, రెండు మూడు రోజుల ఎండ, కాపలా కావాలి. కోతలన్నీ ఒకేసారి పడితే ఇవేవీ దొరకవు. రోడ్డు పక్కన ఆరబోసిన గింజ మీద వాన పడితే అంతే. అప్పుడు రైతు తేమ తరుగు తీసేసి కొనే దళారికి మద్దతు ధర కన్నా తక్కువకు పుట్టి అప్పజెప్పేస్తాడు. అయినా ఈ గొలుసు ఉండటమే ఆ బేరానికి ఒక నేల కట్టింది. దళారి కూడా మద్దతు ధర చూసే తన ధర చెబుతాడు.

ఇంకో చిక్కు రుచిది. సన్నబియ్యం తినడం అలవాటైన ఇళ్లలో లావు రేషన్ బియ్యం దోసెపిండికో, కోళ్లకో, లేదంటే ఇంటి ముందు కిలో లెక్కన కొనుక్కునే వాడికో పోతుంది. అలా పోయిన బియ్యం పాలిష్ పట్టి మళ్లీ మార్కెట్‌కొస్తుంది. నిఘా పెంచితే కొంత తగ్గుతుంది గానీ, తినే రకం ఇస్తే ఎక్కువ తగ్గుతుంది. 2025 జూన్ నుంచి బడులకు, సంక్షేమ హాస్టళ్లకు సన్నబియ్యం 25 కిలోల సంచుల్లో ఇవ్వడం ఆ ఆలోచనే.

'ప్లాస్టిక్ గింజ' అసలు కథ

పోషకాలు చేర్చి ఇచ్చే బలవర్ధక బియ్యం మీద అనుమానాలు ఊరూరా వినిపిస్తాయి. నీళ్లలో వేస్తే కొన్ని గింజలు తేలుతాయి, నములుతుంటే వేరేగా ఉంటాయి, కాబట్టి ప్లాస్టిక్ అని. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి, గింజ ఆకారంలో యంత్రంతో ఒత్తి తీసినవే అవి. నూరు మామూలు గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. ఒత్తి తీసిన పిండి కాబట్టి సాంద్రత కాస్త తక్కువ, అందుకే తేలుతాయి. కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలన్నది ఆహార భద్రతా ప్రమాణం.

ప్రాథమిక తరగతుల పిల్లకు బడిలో ఇచ్చే 100 గ్రాముల బియ్యంలో ఈ గింజలు కలిపితే 2.8 నుంచి 4.25 మిల్లీగ్రాముల ఇనుము అందుతుంది. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు కావలసింది 15 మిల్లీగ్రాములు. అంటే పనికొచ్చే సాయమే, సరిపోయే మందు కాదు. తేలిన గింజల్ని ఏరి పారేస్తే ఆ సాయమూ పోతుంది. నాలుగైదు నీళ్లు మార్చి కడిగినా, గంజి వార్చి పారబోసినా విటమిన్లు నీళ్లతో పోతాయి. రెండు నీళ్లు కడిగి, అత్తెసరు పెట్టి వండటం మేలు.

తిన్న ఇనుము ఒంటికి పట్టడం ఇంకో సంగతి. నిమ్మరసంలోని సి విటమిన్ ఇనుము పీల్చుకోవడాన్ని పెంచుతుంది, భోజనమైన వెంటనే తాగే టీ తగ్గిస్తుంది. పొదలకూరులో నిమ్మకాయల మార్కెట్టే ఉంది. ధర పడిపోయిన వారాల్లో కాయ కోత కూలి కూడా రాదని తోటలోనే వదిలేస్తారు. అదే వారంలో పక్క ఊరి బడి పప్పులోకి నిమ్మకాయ కొనే పద్దు ఉండదు.

6 రూపాయల 78 పైసలు

బడి భోజనంలో బియ్యం ఉచితంగా వస్తుంది. పప్పు, కూరగాయలు, నూనె, దినుసులు, వంటచెరకు లేదా గ్యాస్ అన్నిటికీ కలిపి కేంద్ర నిబంధన రేటు 2025 మే 1 నుంచి ప్రాథమిక తరగతుల్లో పిల్లవాడికి రోజుకు 6.78 రూపాయలు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 10.17 రూపాయలు. ఇందులో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. ఈ డబ్బుతో ప్రాథమిక పిల్లలకు 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె పెట్టాలి. పెద్ద తరగతులకు 30, 75, 7.5 గ్రాములు.

లెక్క కోసం కందిపప్పు కిలో 120, నూనె 150, కూరగాయలు సగటున 40 రూపాయలు అనుకుంటే ప్రాథమిక పిల్లకు పప్పు 2.40, నూనె 0.75, కూరగాయలు 2.00. మొత్తం 5.15. మిగిలిన 1.63లో ఉప్పు, పసుపు, చింతపండు, ఎండుమిర్చి, పోపు, గ్యాస్. అంతవరకు నడుస్తుంది. టమాటా, వంకాయ ఎగబాకి కూరగాయల సగటు 80కి చేరిన నెలలో కూరగాయల ఖర్చే 4 రూపాయలు. మొత్తం 7.15. దినుసులు, గ్యాస్ లెక్కలోకి రాకముందే రేటు దాటిపోయింది. అప్పుడు జరిగేది ఊహించదగినదే: పప్పు పలచబడి చారవుతుంది, కూర ముక్క సాంబారులో వెతుక్కోవాలి. మోసం చేయాలన్న ఉద్దేశం లేకపోయినా అంతే. రేటు ఎప్పుడో ఒకసారి మారుతుంది, కూరగాయల ధర వారానికోసారి మారుతుంది.

రేటు కన్నా పెద్ద సమస్య బిల్లు వచ్చే సమయం. ప్రాథమిక తరగతుల్లో 100 మంది, పై తరగతుల్లో 50 మంది ఉన్న బడిని తీసుకుంటే రోజుకు 1,186 రూపాయల 50 పైసలు. నెలకు 24 పని దినాలైతే 28,476 రూపాయలు. రెండు నెలల బిల్లు ఆగితే దాదాపు 57 వేలు ఆ వంట ఏజెన్సీ మహిళే ఎక్కడి నుంచో తెచ్చి పెట్టాలి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,140. వంట మనిషికి నెలకు గౌరవ వేతనం 3,000.

స్థానిక ఆహారం ఎందుకు కంచంలోకి రాదన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు ఇక్కడే ఉంది. బిల్లు వచ్చేదాకా ఆగేవాడు కిరాణా కొట్టు యజమాని. పప్పు, నూనె, ఉల్లిగడ్డ, బంగాళాదుంప అతని దగ్గరే దొరుకుతాయి, నిల్వ ఉంటాయి, ఖాతాలో రాసుకుంటాడు. ఊళ్లో ఆకుకూర పండించే రైతు ఖాతా రాసుకోలేడు. పొద్దున కోసిన తోటకూర మధ్యాహ్నానికి వాడిపోతుంది, డబ్బు ఆ రోజే కావాలి. కాబట్టి బడి వెనకే ఆకుకూర మడి ఉన్నా, బడి గిన్నెలోకి వచ్చేది వేరే రాష్ట్రం నుంచి లారీలో వచ్చిన బంగాళాదుంప. ఆకుకూర ఏరి, మట్టి పోయేదాకా మూడు నీళ్లు కడగడానికి పట్టే పని కూడా తోడైతే, 150 మందికి వండే ముగ్గురు మనుషులు దాని జోలికి పోకపోవడంలో వింతేమీ లేదు.

బడి భోజనానికి కేంద్రం నడిపే ప్రధాన మంత్రి పోషణ్ పథకంలో బడి కూరగాయల తోటలకు చోటుంది. పరిమాణం దగ్గర మాత్రం స్పష్టత అవసరం. పైన చెప్పిన బడికి రోజుకు 8.75 కిలోల కూరగాయలు కావాలి. నాలుగు మడుల తోట నుంచి అంత రాదు. అదే స్థలంలో కరివేపాకు, మునగ, గోంగూర, పాలకూర వేస్తే వారానికి రెండు రోజులు పప్పులోకి ఆకు వస్తుంది. నాలుగు మునగ చెట్లకు పెద్దగా నీళ్లు అక్కర్లేదు, వేసవి సెలవుల్లో ఎవరూ చూడకపోయినా బతుకుతాయి. టమాటా, వంకాయ మడులు ఎండిపోయేది సరిగ్గా ఆ సెలవుల్లోనే.

సముద్రం, ఆక్వా చెరువులు ఉన్న నెల్లూరులో చేప ఎందుకు పెట్టరన్న ప్రశ్న కూడా వినిపిస్తుంటుంది. ముల్లు, మంచు, కొన్న రోజే వండాల్సి రావడం చూస్తే గుడ్డుకు పోటీ లేదు. గుడ్డు తనంతట తానే కొలత, తనంతట తానే ప్యాకింగు.

కంది, కొర్ర, సజ్జ ఎక్కడ ఆగాయి

ఇక మెట్ట. ఇక్కడ ప్రకాశం అంటే పొదిలి, దర్శి, కనిగిరి, మార్కాపురం కలిసున్న పాత జిల్లా అనుకోవాలి. నెల్లూరు వైపు ఉదయగిరి, వింజమూరు కూడా ఇదే తీరు నేలలు. వాన మీద పండే కంది, సజ్జ, జొన్న, కొర్ర, వరిగ ఈ నేల పంటలు. పోషకాల లెక్కలో ఇవి బియ్యాన్ని చాలా దూరంలో వదిలేస్తాయి. 100 గ్రాముల సజ్జల్లో ఇనుము 6.4 మిల్లీగ్రాములు, బియ్యంలో 0.65. రాగుల్లో కాల్షియం 364, బియ్యంలో 7.5.

చట్టం అడ్డుకాదు. 2013 చట్టంలోనే జొన్న, సజ్జ, రాగి వంటి ముతక ధాన్యాలను కిలో రూపాయికి ఇవ్వవచ్చని రాసి ఉంది. బియ్యానికి బదులు రాగులు, జొన్నలు తీసుకునే వెసులుబాటును రాష్ట్రం ముందుగా రాయలసీమ జిల్లాల్లో మొదలుపెట్టింది. మరి ఆగేది ఎక్కడ? మూడు చోట్ల.

మొదటిది మర. వడ్లకు మిల్లు దగ్గరలోనే దొరుకుతుంది. కొర్రకు పొట్టు తీసే యంత్రం దూరం. పైగా పొట్టు తీసిన కొర్రబియ్యం, పిండి పట్టిన సజ్జ కొన్ని వారాల్లోనే ముక్కవాసన పడతాయి. వాటిలోని కొవ్వు గాలి తగిలితే చెడుతుంది. బియ్యంలా ఆరు నెలలు గోదాములో పెట్టి పంచే పద్ధతి వీటికి పనికిరాదు. గింజను పొట్టుతోనే నిల్వ చేసి, పదిహేను రోజులకోసారి మర ఆడించి ఇవ్వాలి. అంటే యంత్రం మండలంలోనే ఉండాలి.

రెండోది గడువు. ముతక ధాన్యం కొన్నాక ఇన్ని నెలల్లో పంచెయ్యాలని కేంద్ర నిబంధన. 2021 డిసెంబరులో జొన్నకు ఆరు నుంచి తొమ్మిది నెలలకు, రాగికి ఏడు నుంచి పది నెలలకు దీన్ని పెంచారు. అంతకుముందు కొన్నది పంచేలోపే గడువు దాటుతుందన్న భయం ఉండేది.

మూడోది ధర. 2025-26లో రాగి మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు, సజ్జకు 2,775. కొర్రకు కేంద్రం విడిగా ప్రకటించే మద్దతు ధరే లేదు. మద్దతు ధర ఉన్నా కొనుగోలు కేంద్రం తెరవకపోతే అది కాగితం మీద అంకె.

కందిది వేరే కథ. దీనికి ధర ఉంది, 2025-26లో క్వింటాలుకు 8,000. ధర పడిపోతే కేంద్ర సంస్థల తరఫున కొనుగోలు కూడా జరుగుతుంది. కానీ అలా కొన్న కంది ఆ జిల్లాలోనే పప్పుగా మారి ఆ జిల్లా బడికే చేరాలన్న ఏర్పాటు లేదు. పొదిలిలో కొన్న బస్తా ఎక్కడికో పోతుంది, పొదిలి అంగన్‌వాడీకి ఎక్కడి నుంచో పప్పు వస్తుంది.

దగ్గర చేస్తే ఎంత పని జరుగుతుందో ఒక లెక్క. ప్రాథమిక తరగతుల్లో 3,000, పై తరగతుల్లో 2,000 మంది పిల్లలున్న మండలమనుకుంటే రోజుకు 120 కిలోల పప్పు కావాలి. 220 పని దినాలకు 26.4 టన్నులు. కందులు ఆడిస్తే 70 శాతం పప్పు వస్తుందనుకుంటే దాదాపు 38 టన్నుల కందులు. వానాధారంగా ఎకరాకు రెండున్నర క్వింటాళ్లు పండితే 150 ఎకరాల పంట. ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం, ఒక చిన్న పప్పు మర మోయగలిగిన పరిమాణమే ఇది. రాష్ట్రం మొత్తానికి ఒకే టెండరు పిలిస్తే ఆ సంఘం ధరావతు కూడా కట్టలేదు; మండలానికో, డివిజనుకో ముక్క చేస్తే నిలబడగలదు. పెద్ద టెండరులో కిలోకు రెండు మూడు రూపాయలు మిగలవచ్చు, నాణ్యత పరీక్ష ఒకేచోట తేలుతుంది. అధికారులు దానివైపు మొగ్గడానికి ఆ కారణాలు నిజమైనవే.

ఫ్లోరైడ్ నీళ్లలో వండితే

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్‌ను దేశంలో తొలిసారి గుర్తించి నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోవే. 1970లో ప్రకాశం ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే ఆధారం లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు.

పోషకాహారానికి దీనితో రెండు ముడులున్నాయి. తాగడానికి శుద్ధిజలం డబ్బాలు తెచ్చి, వంట మాత్రం బోరు నీళ్లతో చేసే బడిలో ఫ్లోరైడ్ అన్నంలోంచి, పప్పులోంచి లోపలికి పోతూనే ఉంటుంది. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పైన చెప్పిన 150 మంది బడిలో 17.5 కిలోల బియ్యానికి, పప్పుకు కలిపి అరవై డెబ్బై లీటర్ల మంచి నీళ్లు రోజూ కావాలి. వంట రేటులో నీళ్లకు పద్దు లేదు.

రెండోది కాల్షియం. ఆహారంలో కాల్షియం తక్కువున్న పిల్లల్లో ఫ్లోరోసిస్ ఎముకలను ఎక్కువ దెబ్బతీస్తుంది. కాల్షియం సరిపడా ఉంటే పేగుల్లోనే కొంత ఫ్లోరైడ్‌ను పట్టి ఆపుతుంది. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు 650 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసు జావలో 10 గ్రాముల రాగిపిండి పడితే వచ్చేది 36 మిల్లీగ్రాములు. 30 గ్రాములు పడితే 109. మెనూలో 'రాగిజావ' అన్న మాట రెండింటికీ ఒకటే. మిగతా చోట్ల ఈ తేడా చిన్నదే గానీ కనిగిరిలో కాదు. రాగిపిండిని ముందురోజు రాత్రి నీళ్లలో కలిపి పులవనిచ్చి కాస్తే, ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గి ఒంటికి ఎక్కువ పడతాయి. పాత అంబలి పద్ధతి అదే.

ఇంటికిచ్చే సరుకు, అక్కడే పెట్టే భోజనం

అంగన్‌వాడీలో గర్భిణికి కేంద్రంలోనే వండి పెట్టాలా, సరుకు ఇంటికివ్వాలా అన్నది 2013 నుంచి అటూ ఇటూ ఊగుతున్న విషయం. రోజుకు 600 కిలోకేలరీలు, 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు ఆమెకు అదనంగా అందాలన్నది 2013లో చట్టం పెట్టిన ప్రమాణం. కేంద్రంలో తింటే అది ఆమెకే అందుతుంది. కానీ వరినాట్లకో మిరప కోతకో పోయే మనిషి పన్నెండు గంటలకు కేంద్రానికి రాలేదు. ఇంటికిస్తే అందరూ తీసుకుంటారు, అయితే 25 గుడ్లు అయిదుగురున్న ఇంట్లో వారం కూడా నిలవవు. వీటికి మధ్యేమార్గం విడతలు: నెలకు ఒకసారి కాకుండా వారానికోసారి గుడ్లు ఇస్తే ఆమె వాటా కాస్త మిగులుతుంది, గుడ్డూ పాడవదు. ఈ ఎండల్లో నెల రోజుల గుడ్డును ఇంట్లో నిల్వ ఉంచమనడం సబబు కాదు.

ఏడో నెల నుంచి మూడేళ్ల దాకా ఇచ్చే బాలామృతంలో ముఖ్య దినుసు వేయించిన గోధుమ. తోడుగా శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. గోధుమ ఈ రెండు జిల్లాల పంట కాదు. కేంద్రం గోధుమ కేటాయిస్తుంది కాబట్టి దాని చుట్టూ మిశ్రమం కట్టారు. ఇదే పద్ధతిలో రాగి చుట్టూ కట్టిన రాష్ట్రాలూ ఉన్నాయి.

ఇతర చోట్ల ఏం చేశారు

ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి, రైతు దగ్గర రాగి కొని, మహిళా సంఘాలతో లడ్డూలు చేయించి అంగన్‌వాడీలకు ఇచ్చింది. అక్కడ ముందు కొనుగోలు కుదిరింది, తర్వాత వంటకం వచ్చింది. కర్ణాటక దక్షిణ జిల్లాల్లో రేషన్‌లోనే రాగి ఇస్తుంది. తినే అలవాటు ఉన్నచోటే ఇవ్వడం అందులో తెలివి. తమిళనాడు రేషన్ దుకాణంలో కిలో కందిపప్పు 30 రూపాయలకు అమ్ముతోంది. పేదింటి కంచంలో పప్పు చేరడానికి ఇంతకన్నా సూటి దారి లేదు, ఖర్చూ అంతే సూటిగా ఖజానా మీద పడుతుంది.

బ్రెజిల్ 2009లో చట్టం చేసి, బడి భోజనానికి కేంద్రం ఇచ్చే సొమ్ములో కనీసం 30 శాతం చిన్న కుటుంబ రైతుల దగ్గరే ఖర్చు చేయాలంది. అమెరికాలో ఆహార సాయం కార్డు రూపంలో వస్తుంది. తల్లులు, పసిపిల్లల పథకంలో రైతు బజారులో మాత్రమే చెల్లే కూపన్లు 1992 నుంచి ఉన్నాయి, మనిషికి ఏడాదికి 10 నుంచి 30 డాలర్ల దాకా. మొత్తం చిన్నదే, కానీ అది రైతుకు ఆ రోజే నగదు. మన దగ్గర రైతు బజారులో బడి వంట ఏజెన్సీకి అలాంటి ముందస్తు కార్డు ఇస్తే, కిరాణా ఖాతా మీద ఆధారపడటం తగ్గుతుంది. వారానికి 2,000 రూపాయల కార్డు 150 మంది పిల్లల బడికి రోజూ కావలసిన 8.75 కిలోల కూరగాయలకు, కిలో 40 లెక్కన, దాదాపు సరిపోతుంది.

చిన్న బడి చిక్కు

రేట్లన్నీ తల లెక్కన ఉంటాయి. 20 మంది ఉన్న ప్రాథమిక బడికి రోజుకు 135 రూపాయల 60 పైసలు. పొయ్యి, నీళ్లు, పోపు, సంతకు వెళ్లి వచ్చే ఆటో ఖర్చు 20 మందికైనా 60 మందికైనా దాదాపు ఒకటే. ఎర్రగొండపాలెం అడవి అంచున, ఉదయగిరి కొండల కింద ఉన్న బడుల్లో ఈ తేడా కూర ముక్కల్లో తేలుతుంది. తల లెక్కకు తోడు బడికింత అని ఒక స్థిర మొత్తం కలిపితే తప్ప ఇది తీరదు.

తల్లిదండ్రుల కమిటీ చూడదగినవి కొన్ని ఉన్నాయి. బియ్యం తూచి పొయ్యి మీద పెట్టారా లేక డబ్బా లెక్కా అన్నది మొదటిది: 20 మందికి 2 కిలోల బియ్యం, 400 గ్రాముల పప్పు, కిలో కూరగాయలు, 100 గ్రాముల నూనె. గుడ్ల మీద రంగు ముద్ర ఏ పది రోజులదో చూడాలి; అనుమానముంటే గిన్నెడు నీళ్లలో వేస్తే పైకి తేలినది పాతది. చిక్కీ మెత్తబడి జిగురుగా ఉంటే తేమ తగిలినట్టు. వేరుశనగ చేదుగా, బూజు వాసనగా ఉంటే పిల్లలకు పెట్టకూడదు, అందులో బూజు వల్ల పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం ఉండే అవకాశం ఎక్కువ. వడ్డించే ముందు ఉపాధ్యాయుడితో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలి, రిజిస్టరులో రాయాలి.

బిల్లు ఆగి వంట ఆగే పరిస్థితి వస్తే 2015 మధ్యాహ్న భోజన నిబంధనల్లో దారి ఉంది. భోజనం ఆగకుండా ప్రధానోపాధ్యాయుడు బడిలో ఉన్న ఏ నిధినైనా తాత్కాలికంగా వాడవచ్చు, డబ్బు వచ్చాక తిరిగి జమ చేయాలి. ధాన్యం, వంట ఖర్చు, గ్యాస్ లేకనో, వంట మనిషి రాకనో ఏ రోజైనా భోజనం పెట్టకపోతే, ఆ రోజు ధాన్యం, వంట ఖర్చు డబ్బు పిల్లవాడికి ఆహార భద్రతా భత్యంగా తర్వాతి నెల 15వ తేదీలోపు ఇవ్వాలి. వరుసగా మూడు బడి రోజులు గానీ, నెలలో అయిదు రోజులు గానీ భోజనం ఆగితే బాధ్యులెవరో రాష్ట్ర ప్రభుత్వం తేల్చాలి.